బట్ట కట్టడం – బట్ట విప్పడం: అమెరికా నగ్నతా సంఘాల జీవనం, నెల్లూరు తీరం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో నగ్నతా ఉద్యమం ప్రధానంగా సభ్యత్వ సంఘాల రూపంలో స్థిరపడింది. ఆ రూపం ఎందుకు అవసరమైంది, ఆ సంఘాల లోపల ఏ కట్టుబాట్లు నడిచాయి, వాటిలోకి ఎవరికి ప్రవేశం దొరికింది అనే ప్రశ్నలను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు నేలపై, ప్రత్యేకించి వాకాడు పరిసరాల నెల్లూరు తీరంలో, వస్త్రానికీ వస్త్రహీనతకూ ఉన్న అర్థాలను పక్కన పెట్టి చూసినప్పుడు, వస్త్రాన్ని విడిచే హక్కుకు ముందు వస్త్రాన్ని పొందే హక్కు ఉంటుందనే విషయం స్పష్టమవుతుంది.

కీలకపదాలు: నగ్నతా ఉద్యమం, సంఘజీవనం, అశ్లీలత, యానాదులు, దిగంబర కవులు, వస్త్రచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

ప్రాణాపాయం నుంచి బయటపడిన మనిషిని తెలుగువారు 'బతికి బట్టకట్టాడు' అంటారు. మనుగడకు గుర్తుగా ఈ భాష ఎంచుకున్నది అన్నాన్ని కాదు, ఊపిరిని కాదు, ఒంటి మీది గుడ్డను. సర్వం కోల్పోయినవాడు 'కట్టుబట్టలతో' మిగులుతాడు. మనిషి కనీసావసరాల జాబితాలో కూడు, గూడుల సరసన గుడ్డ ఉంటుంది. 'దిసమొల' అన్న అచ్చతెలుగు మాటలో లేమి, అవమానం కలిసే వినిపిస్తాయి. అదే స్థితికి సంస్కృతం ఇచ్చిన 'దిగంబర' శబ్దంలో మాత్రం దిక్కులనే వస్త్రాలుగా ధరించిన గౌరవం ఉంది. ఒకే దేహస్థితికి రెండు మాటలు, రెండు విలువలు. ఈ దూరాన్ని గమనించకుండా అమెరికా నగ్నతా ఉద్యమాన్ని తెలుగులో చర్చిస్తే అది వింత కబురుగానో నీతి విచారణగానో మిగిలిపోతుంది.

వాకాడు తీరం ఈ చర్చకు అనువైన చోటు. ఇప్పుడు వాకాడు మండలంలో ఉన్న దుగరాజపట్నం దగ్గర 1626లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానాన్ని నెలకొల్పింది. కంపెనీ రికార్డుల్లో దాని పేరు ఆర్మగాన్. వారిని ఈ తీరానికి రప్పించిన సరుకుల్లో ముఖ్యమైనది బట్ట. కోరమాండల్ తీరపు నేత బట్టలూ, రంగులద్దిన బట్టలూ తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలకు మారకంగా చెల్లేవి. ఆర్మగాన్‌లో పనిచేసిన ఫ్రాన్సిస్ డే బట్ట మరింత చౌకగా, సమృద్ధిగా దొరికే చోటును వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్ళి, 1639లో చెన్నపట్నం స్థలాన్ని సంపాదించాడు. ప్రపంచానికి బట్ట పంపిన ఈ తీరంలోనే గోచితో వలలు లాగే మత్స్యకారులూ, అంతకన్నా తక్కువ గుడ్డతో అడవినీ ఉప్పుటేరునూ నమ్ముకున్న యానాదులూ జీవించారు. నగ్నత ఎవరికి ఎంపిక, ఎవరికి గతి అన్న ప్రశ్న ఈ తీరానికి కొత్తది కాదు.

2. పేరు భారతీయం, పుట్టుక జర్మనీయం:

నగ్నతను ఆరోగ్యసాధనగా, సాంఘిక సంస్కరణగా ప్రతిపాదించిన ఆధునిక ఉద్యమం జర్మనీలో రూపుదిద్దుకుంది. పారిశ్రామిక నగరాల పొగ, ఇరుకు ఇళ్ళు, క్షయవ్యాధి, బిగుతు దుస్తులు వీటికి విరుగుడుగా ఎండ, గాలి, నీరు అన్న ప్రకృతి చికిత్సావాదం నుంచి అది పుట్టింది. 'స్వేచ్ఛాదేహ సంస్కృతి' అన్నది దాని జర్మన్ పేరుకు తెలుగు అర్థం. ఆంగ్లంలో రాసిన తొలితరం ప్రచారకులు మాత్రం తమ సిద్ధాంతానికి 'జిమ్నోసఫీ' అనే పేరు ఎంచుకున్నారు. అలెగ్జాండర్ దండయాత్ర కాలంలో తక్షశిల ప్రాంతంలో కనిపించిన నగ్న తాపసులను గ్రీకులు 'నగ్న తత్త్వవేత్తలు' అనే అర్థంలో పిలిచిన మాటకు ఇది రూపాంతరం. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త మారిస్ పార్మలీ 1927లో ప్రచురించిన గ్రంథం పేరు 'ది న్యూ జిమ్నోసఫీ'.

ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. తక్షశిల తాపసి లోకాన్ని విడిచిపెట్టే క్రమంలో బట్టను విడిచాడు. పార్మలీ పాఠకుడు సోమవారం ఉదయం మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళేందుకు శక్తి కూడగట్టుకోవడానికి ఆదివారం బట్టలు విప్పాడు. పేరు మాత్రమే భారతీయం. లోపలి సరుకు నగర జీవి సెలవుదినం.

అమెరికాలో ఈ ఆలోచనకు సంస్థారూపం ఇచ్చినవాడు కర్ట్ బార్తెల్ అనే జర్మన్ వలసదారు. 1929 సెప్టెంబరులో, కార్మిక దినోత్సవ సెలవు నాడు, న్యూయార్కుకు ఎగువన హడ్సన్ నది కొండల్లో అతను కొద్దిమందితో నగ్నవిహారం ఏర్పాటు చేశాడు. అదే ఏడాది డిసెంబరులో 'అమెరికన్ లీగ్ ఫర్ ఫిజికల్ కల్చర్' ఏర్పడింది. పేరులో నగ్నత అన్న మాటే లేదు. వ్యాయామ సంఘం అన్న ముసుగు దానికి అవసరమైంది. తొలి సభ్యులలో జర్మన్ వలసదారులే అధికం. చలికాలంలో నగరంలోని వ్యాయామశాలను అద్దెకు తీసుకుని కలుసుకునేవారు. 1932లో న్యూజెర్సీలో 'స్కై ఫార్మ్' అనే సొంత స్థలం సమకూరింది.

ఉద్యమ పగ్గాలు త్వరలోనే ఇల్స్‌లీ బూన్ చేతికి వచ్చాయి. అతను డచ్ రిఫార్మ్‌డ్ చర్చి బోధకుడు. ఒక మతబోధకుడు నాయకుడు కావడం యాదృచ్ఛికంగా జరిగినా, దాని ఫలితం చిన్నది కాదు. నగ్నతను పాపంగా కాక, దేవుడు సృష్టించిన దేహం పట్ల గౌరవంగా చెప్పగలిగే భాష అతని దగ్గర ఉంది. ఏదెను తోటను అతను తన పక్షానికి సాక్ష్యంగా వాడుకున్నాడు. 1933లో అతను ప్రారంభించిన 'ది న్యూడిస్ట్' పత్రిక తరువాత 'సన్‌షైన్ అండ్ హెల్త్'గా మారి, ఉద్యమానికి ముఖమైంది.

3. చట్టం కట్టిన గోడ:

ఈ ఉద్యమం బహిరంగ స్థలంలో కాక గేటు వెనుక ఎందుకు పెరిగింది? సిగ్గు వల్ల అని తొందరగా తేల్చేయవచ్చు. వాస్తవానికి చట్టం దానిని గేటు వెనక్కి నెట్టింది. 1934లో న్యూయార్కు వ్యాయామశాలలో నగ్నంగా కలిసిన బృందంపై పోలీసులు దాడి చేసి, నిర్వాహకుడు విన్సెంట్ బర్క్‌పై కేసు పెట్టారు. ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1935లో, అప్పటి చట్టం ప్రకారం అది నేరం కాదన్న తీర్పును ఖాయం చేసింది. కాథలిక్ వర్గాలు, మాజీ గవర్నర్ ఆల్ స్మిత్ వంటి ప్రముఖులు వెంటనే చట్ట సవరణకు ఉద్యమించారు. అదే ఏడాది న్యూయార్కు శాసనసభ స్త్రీపురుషులు నగ్నంగా కలిసి ఉండడాన్ని నిషేధించింది. న్యాయస్థానంలో గెలిచి శాసనసభలో ఓడిన ఉదంతమిది.

మరో పోరాటం తపాలా శాఖతో నడిచింది. పత్రిక తపాలాలో వెళితేనే చెదురుమదురుగా ఉన్న సంఘాలు ఒక ఉద్యమంగా నిలుస్తాయి. పార్మలీ గ్రంథం 'న్యూడిజం ఇన్ మోడర్న్ లైఫ్'ను సుంకాధికారులు అశ్లీలమని అడ్డుకోగా, 1940లో వాషింగ్టన్ అప్పీలు న్యాయస్థానం అది అశ్లీలం కాదని తేల్చింది. 'సన్‌షైన్ అండ్ హెల్త్' పత్రికకు తపాలా శాఖ విధించిన నిషేధం 1958 జనవరిలో సుప్రీంకోర్టులో కొట్టివేతకు గురైంది. అదే ఏడాది మిషిగన్ సుప్రీంకోర్టు, బాటిల్ క్రీక్ సమీపంలోని 'సన్‌షైన్ గార్డెన్స్' శిబిరంపై పోలీసులు చేసిన దాడి ఆధారంగా విధించిన శిక్షలను రద్దు చేసింది. తన స్థలంలో, తన గేటు లోపల, తనలాంటి వారి మధ్య బట్టలు లేకుండా ఉన్న కుటుంబం ఎవరి ఎదుట అసభ్యంగా ప్రవర్తించినట్లు అన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర సమాధానం లేకపోయింది.

ఈ విజయాలకు ఒక మూల్యం ఉంది. గేటు లోపల ఉన్నందువల్లనే నిర్దోషి అన్న వాదం, గేటు బయట దోషి అన్న ఒప్పుకోలును వెంట తెచ్చుకుంది. ప్రహరీ, సభ్యత్వ రుసుము, సిఫారసు, సభ్యుల పట్టిక ఇవన్నీ ఉద్యమ సౌకర్యాల కన్నా ముందు దాని న్యాయరక్షణ కవచాలు.

4. గేటు లోపలి సంఘజీవనం:

లోపలి జీవనం బయటివారి ఊహకు చాలా దూరంగా, ఇంచుమించు విసుగు పుట్టించేంత మామూలుగా ఉండేది. ఈత, వాలీబాల్, కలిసి భోజనం, పిల్లల ఆటలు, వారాంతపు గుడారాలు. తోటపని, మరమ్మతులు సభ్యులే చేసుకునేవారు. గ్రామ దేవాలయ ప్రాంగణంలో వనభోజనాలు చేసే కుటుంబాలను, వస్త్రాలు మినహాయించి ఊహించుకుంటే ఈ వాతావరణం కొంతవరకు అర్థమవుతుంది.

ఆ మామూలుతనం వెనుక కఠినమైన కట్టుబాట్లు ఉన్నాయి. సామాజికశాస్త్రవేత్త మార్టిన్ వైన్‌బర్గ్ 1965లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో నేటికీ ముఖ్యమైనది. అతను శిబిరాల్లో తిరిగి, సభ్యులతో మాట్లాడి, అక్కడి నియమాలను క్రోడీకరించాడు. ఎవరినీ తేరిపార చూడకూడదు. లైంగిక సంభాషణ, ఆ ధోరణి హాస్యం కూడదు. స్పర్శకు, దంపతుల మధ్య సైతం, బాగా హద్దులున్నాయి. మద్యం నిషిద్ధం. అనుమతి లేకుండా ఛాయాచిత్రం తీయరాదు. దేహాన్ని ప్రత్యేకంగా ప్రదర్శించే భంగిమ తప్పు. వింతేమిటంటే, దేహాన్ని అసహజంగా దాచుకోవడమూ తప్పే. చలి వేస్తే కప్పుకోవచ్చు, సిగ్గేసి కప్పుకోకూడదు. చాలా చోట్ల ఇంటిపేర్లు, ఉద్యోగాలు అడిగే ఆనవాయితీ లేదు. బయటి ప్రపంచంలో సభ్యుడి గుర్తింపును కాపాడడానికి అది అవసరమైంది.

మర్యాద బట్టలో లేదు, చూపు మీద సమాజం పెట్టే నియంత్రణలో ఉంది అన్నది వైన్‌బర్గ్ అధ్యయనం నుంచి తేలే విషయం. బట్ట పోయిన చోట అది చేసే పనిని నియమాలు చేపట్టాయి. బయట చొక్కా దాచే దేహాన్ని లోపల ఎదుటివాడి కళ్ళు దాచాయి. నగ్నతావాదులు సంకెళ్ళు తెంచుకున్న స్వేచ్ఛాజీవులన్న ప్రచారమూ, కట్టుతెగిన విశృంఖలులన్న నిందా రెండూ ఈ క్షేత్ర పరిశీలన ముందు నిలవవు. వారు బయటి మధ్యతరగతి కన్నా ఎక్కువ క్రమశిక్షణ గల మధ్యతరగతి.

మధ్యతరగతి అన్న మాటను ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. బట్టలు విప్పితే హోదాలు తొలగిపోతాయని, యజమానీ గుమాస్తా ఒకటవుతారని ఉద్యమం మొదటినుంచీ చెప్పుకుంది. కొంత మేరకు అది జరిగి ఉండవచ్చు. అయితే గేటు దగ్గర ఎవరిని ఆపారో చూస్తే కథ మారుతుంది. ఒంటరి పురుషులకు చాలా క్లబ్బులు పరిమితి పెట్టాయి, లేదా ఎక్కువ రుసుము, అదనపు సిఫారసు అడిగాయి. స్త్రీల భద్రత పేరిట దీనిని సమర్థించుకోవచ్చు. నల్లజాతి వారి విషయంలో ఆ సమర్థన కూడా లేదు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం దాకా అమెరికాలోని చాలా క్లబ్బులు వారిని సభ్యులుగా చేర్చుకోలేదు. విప్పగలిగిన గుర్తులను విప్పి సమానత్వాన్ని ప్రకటించిన సంఘం, విప్పలేని గుర్తు అయిన చర్మపు రంగు దగ్గర ఆగిపోయింది. బట్టలే అసమానతకు మూలమన్న సిద్ధాంతానికి ఇంతకన్నా బలమైన ఖండన అవసరం లేదు.

1980లో లీ బాక్సాండాల్ 'నేచురిస్ట్ సొసైటీ'ని స్థాపించినప్పుడు, గేటు వెనుక క్లబ్బులకు బదులు బహిరంగ తీరాలను కోరే మరో ధోరణి సంస్థారూపం పొందింది. పాత సంఘాల సమాఖ్య 1995లో 'అమెరికన్ అసోసియేషన్ ఫర్ న్యూడ్ రిక్రియేషన్' అయింది. తత్త్వం నుంచి వినోదానికి జరిగిన ప్రయాణం ఆ పేరులోనే కనిపిస్తుంది.

5. తెలుగు నేలపై వస్త్రహీనత:

భారతదేశంలో పాశ్చాత్య నమూనా నగ్నతా సంఘం లేకపోలేదు. జర్మనీలో క్లబ్బులు పుట్టక ముందే, 1891లో, బొంబాయి సమీపాన ఠాణాలో జిల్లా జడ్జిగా ఉన్న చార్లెస్ ఎడ్వర్డ్ గోర్డన్ క్రాఫర్డ్ 'ఫెలోషిప్ ఆఫ్ ది నేకెడ్ ట్రస్ట్'ను నెలకొల్పాడు. సభ్యులు ముగ్గురే. ఆంగ్ల రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్‌కు క్రాఫర్డ్ రాసిన ఉత్తరాల వల్లనే ఈ సంగతి లోకానికి తెలిసింది. ఆధునిక నగ్నతా సంఘాల్లో మొదటిదిగా దీనిని చరిత్రకారులు పేర్కొంటారు.

క్రాఫర్డ్ నగ్నత అతని సొంత విషయంగా మిగిలింది. అదే పాలనలో నెల్లూరు తీరపు యానాది దేహం ప్రభుత్వ విషయమైంది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఆ దేహం కొలతలకూ ఛాయాచిత్రాలకూ లోబడిన నమూనాగా నిలిచింది. నేరస్థ తెగల చట్టం కింద యానాదుల్లో కొన్ని వర్గాలను నిఘాలో ఉంచారు. నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్పలో 'సంస్కరణ' స్థావరం వెలసింది. అదే జిల్లా కావలిలో ఎరుకల వారి కోసం అమెరికన్ బాప్టిస్టు మిషన్ అలాంటి స్థావరాన్ని నడిపింది. ఈ దృష్టిలో ఒంటి నిండా బట్ట నాగరికతకు కొలబద్ద అయింది. అమెరికాలో బట్ట విప్పే ప్రయోగం సాగుతున్న దశాబ్దాల్లోనే, అమెరికా నుంచి వచ్చిన మిషన్ ఇక్కడ బట్ట కట్టడాన్ని నేర్పింది. రెండు పనులూ మనిషి మేలు కోసమనే జరిగాయి. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదులను సంఘటితం చేసి, వారి హక్కుల కోసం దశాబ్దాలు శ్రమించి, 1962లో వారిపై సమగ్ర గ్రంథం వెలువరించారు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది.

వస్త్రాన్ని తగ్గించుకోవడాన్ని రాజకీయ చర్యగా మార్చిన ఘట్టం కూడా ఇదే కాలానిది. 1921 ఏప్రిల్‌లో గాంధీ నెల్లూరు సమీపాన పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించారు. అదే ఏడాది సెప్టెంబరు 22న మధురలో కొల్లాయికి మారారు. ఒంటి నిండా ఖద్దరు కొనుక్కునే స్తోమత లేనివారి పక్షాన నిలబడడం ఆ నిర్ణయంలోని అంతరార్థం. అక్కడ దేహానికి ఎండ తగలడం ప్రశ్న కాదు, బట్ట ధర ప్రశ్న.

సన్యాసపు నగ్నత వీటన్నింటికీ పాతది. పదో శతాబ్దపు తూర్పు చాళుక్యరాజు రెండవ అమ్మరాజు మలియపూండి శాసనం, కర్మరాష్ట్రంలోని జినాలయానికి చేసిన గ్రామదానాన్ని నమోదు చేసింది. దానం పొందినది యాపనీయ సంఘం. యాపనీయ మునులు దిగంబరుల వలె నగ్నంగా ఉంటూనే, శ్వేతాంబరుల వలె స్త్రీకి మోక్షార్హత ఉందని అంగీకరించినవారు. పన్నెండో శతాబ్దంలో కేశాలనే వస్త్రంగా చేసుకుని శ్రీశైలం చేరిన అక్కమహాదేవి కథ ఆ మోక్షార్హతను ఒక స్త్రీ తన దేహంతోనే నిరూపించుకున్న కథ.

భక్తి పేరిట జరిగే నగ్నత అంతా ఇలా స్వచ్ఛందం కాదు. కర్ణాటకలోని చంద్రగుత్తి రేణుకాంబ జాతరలో నగ్నసేవ చేసేవారు ఎక్కువగా అణగారిన కులాల స్త్రీపురుషులే. 1986లో జరిగిన ఘర్షణ తరువాత ప్రభుత్వం దానిని నిషేధించింది. అక్కను, చంద్రగుత్తి భక్తురాలిని ఒకే 'నగ్నతా సంప్రదాయం' కింద చేర్చే రచనలు కనిపిస్తాయి. అది పొరపాటు. ఒకరిది నిరాకరణ, మరొకరిది విధేయత.

సాహిత్యంలో నగ్నత పేరు పెట్టుకుని వచ్చినవారు దిగంబర కవులు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న 1965, 1966, 1968 సంవత్సరాల్లో మూడు సంపుటాలు తెచ్చారు. మొదటిదాన్ని హైదరాబాదులో రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు, రెండవదాన్ని విజయవాడలో హోటల్ కార్మికుడు జంగాల చిట్టి, మూడవదాన్ని విశాఖపట్నంలో యాచకురాలు యడ్ల యాదమ్మ ఆవిష్కరించారు. వారు కవితను 'దిక్' అన్నారు. వారి నగ్నత దేహానిది కాదు, కుహనా మర్యాదను ఒలిచే మాటది. అయినా ఆవిష్కర్తల ఎంపికలో ఒక ఎరుక ఉంది. ఒంటి మీద సరైన గుడ్డ లేనివారి చేతి మీదుగానే దిగంబరత్వం ప్రకటితమైంది. స్త్రీదేహాన్ని ఈ కవులు వాడుకున్న తీరుపై వచ్చిన విమర్శ న్యాయమైనదే. ఆవిష్కరణ సభలు మాత్రం ఆ విమర్శకు అతీతంగా నిలుస్తాయి.

6. వలస సంఘాలు, నేటి చట్టం:

బార్తెల్ సంఘం మొదట వలసదారుల సంఘమన్న సంగతి తెలుగు పాఠకుడికి మరో పోలికను గుర్తుచేస్తుంది. 1977లో న్యూయార్కులోనే ఉత్తర అమెరికా తెలుగు సంఘం తొలి మహాసభ జరిగింది. ఆనాటి నుంచి తెలుగు సంఘాల వేదికలు పట్టుపంచె, పట్టుచీర, లంగా ఓణీలకు ప్రదర్శనశాలలయ్యాయి. జర్మన్ వలసదారు తన ఊరి అలవాటును బట్ట విప్పి నిలుపుకున్నాడు, తెలుగు వలసదారు బట్ట కట్టి నిలుపుకున్నాడు. రెండు చోట్లా అద్దె హాలు, సభ్యత్వ రుసుము, కలిసి భోజనం, పిల్లల ఆటలు, కార్యవర్గంలో తగాదాలు ఒకటే.

భారతీయ చట్టం అమెరికాకు కొంత ఆలస్యంగా అదే దారిలో నడిచింది. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు విక్టోరియా కాలపు హిక్లిన్ సూత్రాన్ని అనుసరించింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో ఆ సూత్రాన్ని విడిచి, సమకాలీన సమాజ ప్రమాణాలను ఆధారం చేసుకుంది. టెన్నిస్ క్రీడాకారుడు బోరిస్ బెకర్ తన కాబోయే భార్యతో నగ్నంగా ఉన్న ఛాయాచిత్రం వర్ణవివక్షకు వ్యతిరేక సందేశమే తప్ప అశ్లీలం కాదని తేల్చింది. నగ్నచిత్రం అంతమాత్రాన అశ్లీలం కాదన్నది ఇప్పుడు స్థిరపడిన న్యాయం. మనిషి విషయం వేరు. భారతీయ న్యాయసంహిత 296వ సెక్షన్, పాత శిక్షాస్మృతి 294కు వారసురాలు, ఇతరులకు చికాకు కలిగేలా బహిరంగ ప్రదేశంలో చేసే అశ్లీల చర్యను శిక్షిస్తుంది. వాకాడు మండలంలోని తూపిలిపాలెం తీరానికి ఆదివారం విహారానికి వచ్చిన పట్టణవాసి బట్టలు విప్పి ఇసుకలో పడుకుంటే పోలీసులకు ఆ సెక్షన్ గుర్తుకు వస్తుంది. అతనికి నాలుగడుగుల దూరంలో మొలకు గోచి మాత్రమే ఉన్న మనిషి వల లాగుతుంటే ఎవరికీ ఏ సెక్షనూ గుర్తుకు రాదు.